ఇంటి నిల్వపెట్టెలో హార్డు డిస్కు చెడినప్పుడు

దస్త్రము విలువ ఎట్టిదో పంచాయతీ సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో తాత పేరు ఉన్నదా, లేదా అనుదానిపై తెలంగాణ పల్లెలలో నేటికిని భూమి తగవులు నడచుచున్నవి. దఫ్తరములను బస్తాలుగా కట్టి అటకల మీద పెట్టిన దినములలో చెదలు, తేమ, ఎలుకలు వాటికి శత్రువులు. ఒక చోట పాడైన కాగితమునకు మరొక కార్యాలయములో నకలు దొరకినచో ఆ కుటుంబము గట్టెక్కెడిది. దొరకనిచో తరములు మారినను తగవు తీరెడిది కాదు.

నేడు కాగితములలో అనేకము హార్డు డిస్కుల మీదికి చేరినవి. శత్రువులు మారినవి గాని, నకలు వేరొక చోట ఉండవలెనను సూత్రము మారలేదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల నుండి ఎందరో గల్ఫు దేశములకు పనికై పోయియున్నారు. అట్టి ఇండ్లలో పాస్‌పోర్టు నకలు, పని ఒప్పందము, పట్టాదారు పాసుపుస్తకము నకలు, పిల్లల సర్టిఫికెట్లు, పెండ్లి ఫోటోలు, గతించిన పెద్దల ఫోటోలు ఒకప్పుడు ట్రంకుపెట్టెలో ఉండెడివి. ఇప్పుడవి నలుగురి ఫోనులలో చెల్లాచెదరుగా ఉన్నవి. వానిని ఒక్క చోట కూర్చి, ఇంటనున్నవారును దూరదేశమున ఉన్నవారును చూచుకొనుటకు కొందరు నెట్‌వర్కు నిల్వపెట్టెను కొనుచున్నారు. దుకాణములలో దీనినే ‘నాస్’ అందురు.

పంచాయతీ కార్యాలయమునకు కూడ ఇట్టి పెట్టె ఉపయోగింపదగినదే. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామ్ స్వరాజ్‌లో నమోదైన లెక్కలు ప్రభుత్వ సర్వరులలో ఉండును. మన ఊరి కంప్యూటరు చెడినంతమాత్రమున అవి పోవు. కాని పనుల ఫోటోలు, తీర్మానపు పుస్తకముల స్కాను ప్రతులు, పాత పన్నుల రిజిస్టరుల చిత్రములు మనయొద్ద మాత్రమే ఉన్నచో, వానికి మనమే కావలి.

ఆ పెట్టె ఒకనాడు ఎర్రదీపము చూపి కీచుమని మ్రోగినచో ఏమి చేయవలెను? ఈ పాఠములో మేము చెప్పదలచినది ముఖ్యముగా ఒక్కటే. డిస్కు ఎప్పుడో ఒకప్పుడు చెడితీరును. దానిని బాగుచేయుటకు ముందు అందులోనిదానిని కాపాడవలెను. ఈ వరుస తప్పినచో మిగిలిన నేర్పు అక్కరకు రాదు.

పెట్టెలో ఏమున్నది?

నిల్వపెట్టె యనగా చిన్న కంప్యూటరే. దానికి తెర, మీటలపలక ఉండవు. లోపల ఒకటి, రెండు, లేక నాలుగు హార్డు డిస్కులు అరలలో అమర్చబడియుండును. ఒక తీగ రూటరునకు, మరొక తీగ అడాప్టరు ద్వారా కరెంటునకు పోవును. ఇంటిలోని ఫోనులు రూటరు ద్వారా దానితో మాటలాడును.

హార్డు డిస్కు లోపల అద్దమువలె నునుపైన పళ్లెములు నిమిషమునకు 5,400 లేక 7,200 చుట్లు తిరుగుచుండును. వాటిపై అయస్కాంతపు పూత ఉండును. సన్నని చేయి కొనయందున్న తల పళ్లెమును తాకక, దానిమీది గాలిపొరపై తేలుచు వ్రాయును, చదువును. తలకును పళ్లెమునకును గల ఎడము మన తలవెంట్రుక మందములో కొన్ని వేల వంతులలో ఒక వంతు మాత్రమే. తిరుగుచున్న డిస్కునకు దెబ్బ తగిలినను, కరెంటు తిన్నగా అందకున్నను, ఆ తల పళ్లెమునకు తగిలి గీయవచ్చును. గీచిన చోట వ్రాత పోవును. రాలిన పొడి మరికొన్ని చోట్ల గీతలు పెట్టును.

1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన మొదటి హార్డు డిస్కు యంత్రములో 24 అంగుళముల పళ్లెములు 50 ఉండెడివి. టన్నుకు మించిన బరువుగల ఆ యంత్రము 50 లక్షల అక్షరములను మాత్రమే దాచగలిగినది. నేటి ఫోనుతో తీసిన రెండు మూడు ఫోటోలకే ఆ చోటు చాలదు. అరచేత ఇమిడెడు నేటి డిస్కు లక్షల కొలది ఫోటోలను దాచుచున్నది. పోయినప్పుడు పోవునదియు అంతే.

డిస్కు మన్నిక ఎంత? వేల కొలది డిస్కులను నడుపు పెద్ద నిల్వశాలలు ప్రకటించిన లెక్కలనుబట్టి ఏటా నూటికి ఒకటి రెండు డిస్కులు చెడును. ఇది చల్లని గదులలో, ఎడతెగని కరెంటుతో నడచు డిస్కుల మాట. మన ఇండ్లలోని ఎండకు, కరెంటు ఒడుదొడుకులకు ఈ లెక్క తగ్గునని ఆశింపరాదు.

జత డిస్కుల మేలు, వాటి హద్దు

ఒక డిస్కు చెడినను పని ఆగకుండుటకు రెండు డిస్కులలో ఒకే వ్రాతను ఒకేసారి వ్రాయు పద్ధతి కలదు. ఇద్దరు గుమాస్తాలు ఒకే మాట విని రెండు రిజిస్టరులలో వ్రాసినట్లు ఇది జరుగును. మూడు అంతకు మించిన డిస్కులున్నప్పుడు మొత్తపు లెక్క వేసి దాచు పద్ధతి కలదు. ఒక రైతు 7 బస్తాలు, మరొక రైతు 5 బస్తాలు తెచ్చిరి, మొత్తము 12 అని వ్రాసికొన్నామనుకొనుడు. రెండవ అంకె చెరిగిపోయినచో 12 నుండి 7 తీసివేసి 5 అని తెలిసికొనవచ్చును. డిస్కులును ఇట్టి లెక్కతోనే పోయినదానిని తిరిగి కట్టును. ఈ పద్ధతులకు ‘రెయిడ్’ అని పేరు. 1988లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయపు ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను ముగ్గురు ప్రకటించిన పరిశోధన పత్రముతో ఆ పేరు ప్రసిద్ధికెక్కినది.

ఇచ్చట చాలమంది పొరబడుదురు. రెండు డిస్కులున్నవి గనుక రెండు ప్రతులున్నవని తలంతురు. అది సరికాదు. గుమాస్తాలు ఇద్దరును ఒకే మాట వ్రాయుదురు గదా! తప్పు చెప్పిన ఇద్దరును తప్పే వ్రాయుదురు. చిన్నపిల్లవాడు ఫోనులో ఫోటోల పెట్టెను చెరిపివేసినచో రెండు డిస్కులలోను అదే క్షణమున చెరిగిపోవును. దొంగ ప్రోగ్రాము ఫైళ్లకు తాళము వేసినచో రెండింటికిని పడును. పిడుగు, వరద, దొంగతనము వచ్చినచో పెట్టె మొత్తము పోవును. కావున జత డిస్కు పని ఆగకుండుటకు మాత్రమే. నకలు వేరు.

మొదటి గంటలో చేయవలసినది

పెట్టె హెచ్చరిక చూపిన వెంటనే మనిషికి చేయి ఊరకుండదు. స్విచ్చి తీసి వేయుట, డిస్కును లాగి పెట్టుట, తెరమీద కనిపించిన ప్రతి ప్రశ్నకు ‘సరే’ నొక్కుట సామాన్యముగా జరుగును. డిస్కు చెడుటవలన కంటె ఈ తొందరవలననే పోయిన ఫైళ్లు కొల్లలు. అందుచేత మొదటి గంటలో ఈ క్రిందివానిని వరుసగా చేయవలెను.

1. చెవియొగ్గి వినవలెను. టక్కుటక్కున లయగా కొట్టుకొను చప్పుడు గాని, గీరుచున్న చప్పుడు గాని వచ్చుచున్నచో పెట్టెను వెంటనే సరియైన పద్ధతిలో ఆపివేయవలెను. అది తల దెబ్బతిన్న గురుతు కావచ్చును. తిరిగిన ప్రతి నిమిషమును నష్టమును పెంచును.

2. చప్పుడు లేనిచో తెరమీది సందేశమును, దీపముల రంగులను ఫోనుతో ఫోటో తీయవలెను. ఏ అరలోని డిస్కు, ఏ వేళ, అంతకు ముందు కరెంటు పోయినదా, పిడుగు పడినదా అనునవి కాగితము మీద వ్రాయవలెను.

3. ఫైళ్లు ఇంకను తెరచుకొనుచున్నచో, మారు దొరకనివానిని ముందుగా వేరొక డిస్కునకు ఎత్తుకొనవలెను. పత్రముల నకళ్లు చిన్నవి, నిమిషములలో వచ్చును. పిమ్మట కుటుంబపు ఫోటోలు, ఆపైన వీడియోలు. సినిమాలు, పాటలు ఎక్కడనైనను దొరకును, వానిని వదలివేయవచ్చును.

4. ‘ఇనీషియలైజ్’, ‘ఫార్మాట్’, ‘క్రొత్త వాల్యూమ్ చేయుము’ అను మాటలు కనిపించినచో నొక్కరాదు. అవి పాత ఇంటిని చదును చేసి క్రొత్త పునాది తీయుట వంటివి.

దోషము ఎక్కడ?

బోరుమోటారు నీరు పోయనప్పుడు తెలిసిన రైతు వెంటనే మోటారును పైకి లాగించడు. ఫ్యూజు పోయినదా, మూడు ఫేజులు వచ్చుచున్నవా, స్టార్టరు పట్టుచున్నదా, కేబులు తెగినదా అని పైనుండి చూచుకొనుచు పోవును. మోటారును లాగుట చివరి పని. నిల్వపెట్టె విషయములోను ఈ పద్ధతియే అనుసరింపదగినది.

మొదట నెట్‌వర్కు చూడవలెను. ఒక ఫోనులో పెట్టె కనబడక మరొక ఫోనులో కనబడుచున్నచో డిస్కు దోషము కాదు, ఆ ఫోను దోషము. ఏ ఫోనులోను కనబడనిచో రూటరు దీపములు, పెట్టెకు పోవు తీగ చూడవలెను. కరెంటు పోయి వచ్చిన పిమ్మట రూటరు పెట్టెకు క్రొత్త చిరునామా అంకె ఇచ్చియుండవచ్చును. అప్పుడు పాత అంకెతో వెదకినచో పెట్టె దొరకదు. పెట్టెకు స్థిరమైన అంకె కేటాయింపుమని రూటరులో ఒక్కసారి చెప్పియుంచినచో ఈ బాధ తీరును.

పిదప కరెంటు. పెద్ద డిస్కు తిరుగుట మొదలుపెట్టు క్షణమున సాధారణముగా నడచునప్పటికంటె చాల ఎక్కువ కరెంటును లాగును. పాతబడిన అడాప్టరు అంత ఇయ్యలేక డొల్లగొట్టును. అప్పుడు డిస్కులు తిరిగి ఆగి, తిరిగి ఆగి, చెడినవానివలెనే చప్పుడు చేయును. రెండు డిస్కులు ఒకేసారి మాయమైనచో రెండును ఒకే దినమున చచ్చినవనుకొనుటకంటె అడాప్టరునో, పెట్టె పలకనో అనుమానించుట న్యాయము. అడాప్టరు మార్చునప్పుడు వోల్టులు సరిగా అంతే ఉండవలెను. ఆంపియర్లు అంతకు తగ్గరాదు. పిన్ను ధ్రువములును కలియవలెను.

మూడవది అర, కనెక్షను. పెట్టెను ఆపి, ప్లగ్గు తీసి, డిస్కులకు 1, 2 అని చీటీలు అంటించి, వాటి సీరియల్ నంబరులు వ్రాసికొని, అప్పుడు మాత్రమే బయటికి తీయవలెను. దుమ్ము తుడిచి అదే అరలో గట్టిగా కూర్చవలెను. అరలను తారుమారు చేయరాదు.

ఈ మూడును సరిగా ఉన్నప్పుడే డిస్కును అనుమానింపవలెను. అనుమానమున్న డిస్కును కొందరు విండోస్ కంప్యూటరుకు తగిలించి చూతురు. నిల్వపెట్టెలు డిస్కుపై వ్రాయు పద్ధతి వేరు; విండోస్‌కు అది సాధారణముగా అర్థము కాదు. కావున ‘ఈ డిస్కును ఫార్మాట్ చేయవలెనా?’ అని అది అడుగును. నిండియున్న డిస్కును అది ఖాళీదని తలచుచున్నది. కాదనియే చెప్పవలెను.

డిస్కు చెప్పు లెక్కలు

డిస్కు తన ఆరోగ్యమును తానే లెక్కలు వ్రాసికొనును. ఈ ఏర్పాటునకు ‘స్మార్ట్’ అని పేరు. పెట్టె నడపు పేజీలో నిల్వ విభాగమున ఇది కనబడును. పెక్కు అంకెలలో నాలుగు చాలును.

5వ నంబరు, పాడైన చోట్లకు బదులు క్రొత్త చోట్లు కేటాయించిన లెక్క. చెల్లని పొలమునకు బదులు మిగులు భూమి ఇచ్చినట్లు డిస్కు తన మిగులు చోట్లను వాడుకొనుచున్నదన్నమాట. 197వ నంబరు, చదువలేక విచారణలో ఉంచిన చోట్ల లెక్క. 198వ నంబరు, పరీక్షించినను చదువలేకపోయిన చోట్ల లెక్క. ఈ మూడును సున్న ఉండవలెను. ఒకటి రెండు కనబడి నెలల తరబడి అట్లే నిలిచినచో కనిపెట్టియుండవచ్చును. వారము వారము పెరుగుచున్నచో డిస్కు మార్చవలసినదే.

199వ నంబరు వేరు. ఇది డిస్కునకును పెట్టెకును మధ్య మార్గములో మాట చెదరిన లెక్క. సామాన్యముగా కనెక్షను దోషమును చూపును. ఇది ఒకసారి పెరిగిన తగ్గదు. కావున కనెక్షను సరిచేసి, ఆనాటి అంకె వ్రాసికొని, పది దినముల పిమ్మట చూడవలెను. పెరుగనిచో దోషము తీరినట్లే. మంచి డిస్కును పారవేసి క్రొత్తది కొను ఖర్చు తప్పును.

డిస్కుచేత పరీక్ష కూడ వ్రాయింపవచ్చును. చిన్న పరీక్షకు కొన్ని నిమిషములు పట్టును. డిస్కు మొత్తమును చదువు పెద్ద పరీక్షకు పెక్కు గంటలు పట్టును. నకలు తీసికొనక ముందు నీరసించిన డిస్కునకు పెద్ద పరీక్ష పెట్టరాదు.

‘ఆరోగ్యము బాగున్నది’ అని పెట్టె చెప్పినంతమాత్రమున నిశ్చింతగా ఉండరాదు. 2007లో గూగుల్ సంస్థ పరిశోధకులు లక్షకు మించిన డిస్కులను పరిశీలించి ఒక అధ్యయనము ప్రకటించిరి. చదువుటలో మొదటి దోషము చూపిన డిస్కు, అట్టి దోషము లేని డిస్కుకంటె, 60 దినములలో చెడుటకు 39 రెట్లు ఎక్కువ అవకాశము కలదని వారు కనుగొనిరి. అందులోనే మరొక మాటయు చెప్పిరి. చెడిన డిస్కులలో సగమునకు మించినవి ముఖ్యమైన నాలుగు గురుతులలో దేనినిగూడ ముందుగా చూపలేదు. హెచ్చరిక వచ్చినచో నమ్మవలెను, రానిచో ధైర్యపడరాదు.

డిస్కు మార్చు పద్ధతి

డిస్కు చెడినదని తేలిన పిమ్మట నకలు తీసియున్నదా అని మరల అడుగుకొనవలెను. ఈ ప్రశ్నకు కారణము కలదు. క్రొత్త డిస్కు పెట్టినప్పుడు పెట్టె మిగిలిన డిస్కును మొదటినుండి తుదిదాక చదివి క్రొత్తదానిని నింపును. 4 టెరాబైట్ల డిస్కును సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున ఎడతెగక చదివినను దాదాపు ఏడున్నర గంటలు పట్టును. మధ్యలో ఇంటివారు వాడుచున్నచో ఇంకను ఎక్కువ. రెండు డిస్కులును ఒకే దినమున ఒకే దుకాణములో కొన్నవే అయినచో రెండవదియు అంతే వయసుగలది. ఆ శ్రమలో అదియు కూలినచో మిగులునది నకలొక్కటే.

క్రొత్త డిస్కు పాతదానికి సమానమైన పరిమాణముగాని, అంతకు మించినదిగాని కావలెను. పెంకులవలె గీతల మీద గీతలు ఒరయునట్లు వ్రాయు డిస్కులు కొన్ని కలవు, వానిని ‘ఎస్.ఎం.ఆర్.’ అందురు. తిరిగి నింపుటలో అవి మిక్కిలి మందముగా నడచును. ‘సి.ఎం.ఆర్.’ రకము అడిగి తీసికొనుట మేలు.

తీయవలసిన డిస్కు సీరియల్ నంబరును తెరమీద ఒకసారి, కాగితము మీద ఒకసారి, డిస్కు మీది చీటీలో ఒకసారి సరిచూచుకొనవలెను. చెడినదానికి బదులు మంచిదానిని లాగివేయుట తరచుగా జరుగు ప్రమాదము. నింపుచున్నంతసేపు కరెంటు పోకుండ యు.పి.ఎస్. ఉండవలెను.

టక్కుటక్కుమని కొట్టుకొను డిస్కులో మాత్రమే వ్రాత ఉండి, నకలు లేనిచో, ఇంటి వైద్యము పనికిరాదు. డిస్కును విప్పుట, తట్టుట, ఫ్రిజ్‌లో పెట్టుట అను చిట్కాలు వినబడుచుండును. విప్పినచో దుమ్ము పడును. చల్లబరచినచో నీటి చెమట పట్టును. అట్టి డిస్కును దుమ్ములేని గదులుగల నిపుణుల సంస్థకు పంపవలెను. అది ఖర్చుతో కూడినది. ఫలితము కలుగునని పూచీయు లేదు. ఆ ఖర్చుతో సులభముగా ఒక నకలు డిస్కును ముందే కొనియుండవచ్చునని అప్పుడు తోచును.

చెడిన డిస్కును పాతసామానువానికి ఊరకే ఇచ్చివేయరాదు. తిరుగకున్నను అందులోని వ్రాత ఉండవచ్చును. ఊరివారి ఆధార్ నకళ్లు, బ్యాంకు పుస్తకముల చిత్రములు అందులో ఉన్నచో అది పంచాయతీ బాధ్యత. పళ్లెములకు రంధ్రములు పడునట్లు డ్రిల్లు వేయించి, పిమ్మట ఎలక్ట్రానిక్ చెత్త సేకరించువారికి అప్పగించవలెను.

ఎండ, ఉరుము, వరద

మన ప్రాంతములో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటును. రేకుల కప్పు క్రింద బీరువాపై పెట్టిన పెట్టె అంతకంటె వేడెక్కును. డిస్కు వేడి 50 డిగ్రీలు దాటకుండ గాలి ఆడు చోట, నేలకు మూడు నాలుగడుగుల ఎత్తున, గోడకు జానెడు ఎడముగా ఉంచవలెను. వడ్లు, మక్కలు నూర్చు కాలమున సన్నని దుమ్ము ఫంకాలో పేరుకొనును. నెలకొకసారి ఆపి తుడువవలెను. ఉరుములు మొదలైనప్పుడు కరెంటు ప్లగ్గునే గాక, రూటరునకు పోవు రాగితీగను గూడ తీయవలెను. పిడుగుపాటు ఆ తీగ వెంటను వచ్చును.

వరద మాటకు వత్తము. 2025 ఆగస్టు 27, 28 తేదీల వానను కామారెడ్డి జిల్లావారెవరును మరచియుండరు. రాజంపేట మండలములోని అర్గొండలో ఒక్క దినములో 40 సెంటీమీటర్లకు మించి కురిసినది. కామారెడ్డి పట్టణపు లోతట్టు కాలనీలలో ఇండ్లు నీట మునిగినవి. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలుకట్ట దెబ్బతిని రైళ్లు నిలిచినవి. నాగిరెడ్డిపేట మండలములోని పోచారం ప్రాజెక్టు మీదుగా వరద పొంగి పారినది. ఎల్లారెడ్డి వైపు రోడ్లు తెగినవి.

నీట మునిగిన పెట్టెకు కరెంటు ఇయ్యరాదు. పొయ్యి దగ్గరగాని, ఎండలోగాని ఆరబెట్టరాదు. బురద లోపల ఎండి పళ్లెములకు పట్టుకొనును. తడిగానే ప్లాస్టికు సంచిలో మూసి నిపుణులకు పంపుటయే మార్గము.

ఈ వాన మరొక సంగతి తెలిపినది. కామారెడ్డిలో ఇల్లు, ఎల్లారెడ్డిలో అన్నగారి ఇల్లు ఉన్న కుటుంబము తన నకలును అన్నగారి ఇంట ఉంచుట మంచి ఆలోచనయే. దొంగతనమునకు, అగ్నిప్రమాదమునకు, పిడుగునకు అది చాలును. కాని ఆ రెండు దినములలో ఒకే వాన రెండు వైపులను తాకినది. కావున ఒక ప్రతి జిల్లా దాటి ఉండవలెను.

మూడు ప్రతులు

ఈ విషయములో లోకమంతటను అనుసరించు లెక్క 3-2-1. మొత్తము మూడు ప్రతులు. రెండు వేర్వేరు సాధనములపై. అందులో ఒకటి వేరొక ఊరిలో. నిల్వపెట్టెలోనిది మొదటి ప్రతి. దానిలో జత డిస్కులున్నను అది ఒక్కటిగానే లెక్క. నెలకొకసారి తగిలించి, నింపి, తీసి బీరువాలో పెట్టు బయటి డిస్కు రెండవది. తీసి పెట్టుట ముఖ్యము; ఎల్లప్పుడును తగిలించియుంచినచో పిడుగునకును, దొంగ ప్రోగ్రామునకును రెండును ఒక్కసారే చిక్కును. హైదరాబాదులోనో, నిజామాబాదులోనో ఉన్న బంధువు ఇంట ఆరునెలలకొకసారి మార్చు డిస్కుగాని, అద్దె చెల్లించు క్లౌడు నిల్వగాని మూడవది. క్లౌడునకు పంపు ఫైళ్లకు తాళపు మాట పెట్టి, ఆ మాటను ఇంటిలో ఇద్దరికి తెలియజేసి, కాగితము మీద వ్రాసి భద్రపరుపవలెను. తాళపు మాట ఒక్కరికే తెలిసి ఆయన గల్ఫులో ఉన్నచో అవసరపు వేళ నకలు ఉండియు లేనట్లే.

నకలు తీసితిమని నమ్ముట చాలదు, తెరచి చూడవలెను. రెండు నెలలకొకసారి ఏవైన ఐదు ఫైళ్లను నకలు డిస్కునుండి తీసి తెరువవలెను. తెరచుకొన్నచో అది నకలు. తెరచుకొననిచో అది ఇనుపముక్క.

పంచాయతీ చేయదగినది

2025 డిసెంబరు ఎన్నికలలో వచ్చిన క్రొత్త పాలకవర్గములు తమ కార్యాలయపు డిస్కులలో ఏమున్నదో తెలిసికొనుటతో ఈ పని మొదలుపెట్టవచ్చును. ఇందులకు పెద్ద ఖర్చు లేదు. ఒక పుస్తకము తెరచి ఈ వివరములు వ్రాయింపవలెను: ఏ డిస్కు, సీరియల్ నంబరు, కొన్న తేదీ, హామీ గడువు, అందులో ఏమున్నది, నకలు ఎక్కడ, చివర నకలు తీసిన దినము, తెరచి చూచినవారి సంతకము. పంచాయతీ కార్యదర్శి ఒకరు, సభ్యుడు ఒకరు ఈ పుస్తకమునకు బాధ్యులుగా తీర్మానింపవచ్చును. కార్యదర్శి బదిలీ అయినప్పుడు ఇతర రిజిస్టరులతో పాటు దీనినిగూడ అప్పగింతలో చేర్చవలెను. పెట్టె హెచ్చరిక సందేశములు ఒకరి ఫోనునకే గాక ఇద్దరికి పోవునట్లు అమర్చవలెను.

ఊరివారికిని ఈ మాట చేరవలెను. గ్రామసభ జరుగు దినమున చదువుకొన్న ఇద్దరు యువకులను పిలిచి, ఇంటి పత్రములను, ఫోటోలను రెండవ డిస్కునకు ఎట్లు ఎక్కించవలెనో అరగంట చూపించినచో చాలును. కొడుకు విదేశమున ఉండగా అతని పని ఒప్పందము నకలు అవసరపడిన తల్లికి, తండ్రి పోయిన పిదప ఆయన ఫోటో వెదకు బిడ్డకు, పెట్టె ఏ కంపెనీదను సంగతితో పనిలేదు. ఆ కాగితము, ఆ ఫోటో దొరకవలెను. వచ్చు వానకాలమునకు ముందే ప్రతి పంచాయతీ తన నకళ్ల పుస్తకమును తెరచి, అందులో మొదటి పంక్తి వ్రాయించునని మా ఆశ.